నేనూకిన

పోయినవారం మనం పుణ్యవతిని లింగంపల్లి స్టేషన్లో రైలు దింపి, ఎండలో నిలబెట్టి వచ్చేశాం. ఆమె వెళ్ళవలసింది బుచ్చమ్మ ఇంటికి. వెళ్ళాలని లేదు. వెళ్ళకపోతే ఎం.ఏ. పూర్తికాదు.

మధ్యలో వచ్చి కలిసినవారి కోసం జరిగిన కథ నాలుగు మాటల్లో చెప్పుకుందాం. తండ్రి సర్కారు ఉద్యోగం వెంట గుడివాడ నుంచి నగరానికి వచ్చిన పిల్ల పుణ్యవతి. ఆడపిల్లకు హత్యల చదువేమిటని మేనత్తలు బుగ్గలు నొక్కుకుంటుంటే పట్టుబట్టి నేరశాస్త్రంలో ఎం.ఏ.కి చేరింది. ఆ కోర్సులో పుస్తకాలు తక్కువ, తిరుగుడు ఎక్కువ. కోర్టు బల్లల మీద కూర్చుని సాక్ష్యాలు వినాలి, జైలుకు వెళ్ళి ఖైదీలతో మాట్లాడాలి, కొన్నాళ్ళు ఠాణాలో ఉండి పని చూడాలి. ఆమె ఠాణాలో ఉన్న రోజుల్లోనే గుట్టల పక్క పల్లెలో నీలమ్మ అనే కొత్త కోడలు బావిలో పడి చచ్చిపోయింది. అత్తాకోడళ్ళకు పడదని ఇరుగుపొరుగు చెప్పారు. పోలీసులు అత్త బుచ్చమ్మను తెచ్చి వరండాలో కూర్చోబెట్టారు. ఠాణాలో ఆడ పోలీసు లేదు కనుక, కాస్త తోడుండమ్మా అని ఎస్సై పుణ్యవతిని పంపాడు. ఆ వరండాలో బుచ్చమ్మ ఆమెతో ఒక మాట చెప్పింది.

పోలీసు దగ్గర నేరం ఒప్పుకుంటే కోర్టులో చెల్లదు. పోలీసు కానివాళ్ళ దగ్గర ఒప్పుకుంటే చెల్లుతుంది. పుణ్యవతి పోలీసు కాదు, బుచ్చమ్మను అప్పటికింకా అరెస్టూ చేయలేదు. ఆమె బోనెక్కి చెప్పిన ఆ ఒక్క మాట మీద బుచ్చమ్మకు యావజ్జీవం పడింది. ఈ కోర్సులో ఇంత గట్టి ప్రాక్టికల్ ఎవరూ చేయలేదని ప్రొఫెసర్ యజ్ఞనారాయణ గారు క్లాసులో నలుగురి ముందూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకున్నా బాగుండేది. "ఇక ఆ ఇంటి పరిస్థితులు చూసిరా. కొడుకుతో మాట్లాడు. తన భార్యను చంపిందని తల్లి మొహం కూడా చూడని కొడుకు. మంచి కేసు," అన్నారు. ఆయన దృష్టిలో అది కేసే. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో ఆయనకు పట్టలేదు. అప్పటికి పుణ్యవతికీ పట్టలేదు.

స్టేషను నుంచి కొండాపూర్ వైపు బండిబాట. రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు, ఎక్కడో కంకర కొట్టే చప్పుడు. ఊరికే ఇస్తానన్నా ఎవరూ పుచ్చుకోని నేల. చెప్పుల్లో గులకరాళ్ళు దూరి అడుగడుక్కీ ఆగాల్సివచ్చింది. బుచ్చమ్మ ఇల్లు ఊరి చివర, గుట్టను ఆనుకుని ఉంది. ఇంటి ముందు వాకిలి, వాకిలి పక్కనే బావి, బావి చుట్టూ గచ్చు. గచ్చు వైపు చూడకూడదనుకుంది. చూసింది.

వాకిట్లో ఒక పెద్దావిడ వంగి ఊడుస్తోంది. ఈమె పోచమ్మ, బుచ్చమ్మ అక్క. చెల్లెలు జైలుకు పోయాక, ఉన్న ఒక్క కొడుక్కీ వండిపెట్టే దిక్కు లేదని బాచుపల్లిలో తన ఇల్లు మూసేసి వచ్చింది. కోర్టులో పుణ్యవతిని చూసింది కనుక వెంటనే పోల్చుకుంది.

"నువ్వు గా సదువుకునే పిల్లవు గదా. ఏమొచ్చినవు?"

"నమస్కారం పోచమ్మగారూ. కొంచెం మాట్లాడదామనండీ."

"మాకెందుకు బిడ్డా గారు గీరు. మాట్లాడనీకి ఏం మిగిలింది?" అంది పోచమ్మ. కోపంగా అనలేదు. మిగిలిందేమైనా ఉంటే చెప్పు, వింటాను అన్నట్టు అడిగింది. పుణ్యవతి దాన్ని ఇంట్లోకి రమ్మని పిలిచినట్టే అనుకుని అడుగు ముందుకు వేయబోయింది.

"జర ఆగు. గా జాగల కాలు వెట్టకు. నేనూకిన."

పుణ్యవతి కాలు గాలిలోనే ఆగింది.

వరండాలో బుచ్చమ్మ నోట విన్నప్పటి నుంచి నిద్రలో వెంటపడిన మాట అది. అదే మాట, అదే దీర్ఘం, అక్కాచెల్లెళ్ళు కాబట్టి గొంతూ దాదాపు అదే.

"ఏమన్నారండీ?"

"నేనూకిన అంటున్న. జొన్నలు ఆరవోసేది ఉన్నది. గీ పక్కకెల్లి రా."

"ఎవరిని నూకారండీ?"

పోచమ్మ నడుం నిలబెట్టి, ఎండ దెబ్బ తగిలిందేమోనన్నట్టు ఆమె మొహంలోకి చూసింది. "ఎవల్నో నూకుడేంది? వాకిలి. వాకిలి ఊకిన. మీ దిక్కు ఇండ్లు ఊకరా?"

"ఊడుస్తామండీ."

"గదే. మీరు ఊడుస్తరు, మేం ఊకుతం."

పుణ్యవతి అక్కడే, ఊడవని వైపు, మట్టిలో కూర్చుండిపోయింది. చీర మాసిపోతుందని కూడా చూసుకోలేదు. చదువు పిల్లకు బాగానే ఒంటబట్టింది, చెవి మాత్రం గుడివాడలోనే ఉండిపోయింది. ఇక్కడ అవ్వ అంటే అమ్మమ్మ కాదు, తల్లి అని నేర్చుకుంది. ఊకు అనే మాట ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. నేను ఊకిన, అంటే ఊడ్చాను. నే నూకిన, అంటే తోశాను. కలిపి పలికితే రెండూ ఒకటే. ఆ రోజు వరండాలో, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని బుచ్చమ్మ చెప్పింది ఇదీ: "నీలమ్మ నీళ్ళు చేదుతున్నది. నేనూకిన. గంతల్నే బాయిల వడ్డది."

కోడలు నీళ్ళు తోడుతోంది, నేను ఊడుస్తున్నాను, ఇంతలోనే పడిపోయింది. అంతే. అది ఒప్పుకోలు కాదు, ఏడుపు.

నేరస్తుల మాటను మీ మాటల్లోకి మార్చకండి, వాళ్ళు పలికినట్టే పలకండి అని ప్రొఫెసర్ మొదటి రోజే చెప్పారు. పబ్లిక్ ప్రాసిక్యూటరూ బోనులో అదే అడిగాడు, ఆమె ఏమన్నదో ఆమె మాటల్లోనే చెప్పమ్మా అని. నిండు కోర్టులో ఆ మాటను ఆ మోటుతనంతో పలకడానికి పుణ్యవతికి నోరు రాలేదు. కాస్త శుభ్రం చేసి, "నేను నూకాను, అంతలోనే పడిపోయింది అని చెప్పిందండి," అంది. కోర్టు గుమాస్తాదీ, బంట్రోతుదీ ఈ ప్రాంతమే. "నేనూకిన" అని ఉన్నదున్నట్టు అని ఉంటే, ఆ ఇద్దరిలో ఒకడైనా తలెత్తి ఉండేవాడు. శుభ్రం చేసి చెప్పబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"ఏందమ్మా, పానం మంచిగ లేదా?" పోచమ్మ చీపురు పడేసి దగ్గరకు వచ్చింది.

పుణ్యవతి చెప్పేసింది. నీళ్ళు నమలకుండా, తనను తాను ఎక్కడా వెనకేసుకు రాకుండా చెప్పింది. పోచమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే మా శెల్లె ఊకిన అన్నది. నువ్వు నూకిన అని ఇన్నవు."

"అవునండీ."

పోచమ్మ తిట్టలేదు. తిడితే పుణ్యవతికి కాస్త తేలికయ్యేది. ఆవిడ బావి వైపు చూస్తూ, "గింత మాటల దాని బతుకంత వోయిందా," అని తనలో తాను అనుకుంది. తర్వాత ఏదో తట్టినట్టు గబుక్కున వెనక్కి తిరిగింది. "మరి గిప్పుడు నువ్వు వోయి చెప్పొచ్చు గదా? తప్పు ఇన్న అని?"

"చెప్తానండీ. హైకోర్టులో అప్పీలుకు ఇంకా గడువుంది. నేనే వెళ్ళి చెప్తాను."

"ఇడిసిపెడ్తరా?"

"ఆ ఒక్క మాట మీదే శిక్ష పడింది. అది పోతే విడిచిపెట్టాలి."

"నీకేమన్న అయితదా బిడ్డా?"

ఆ ప్రశ్నకు పుణ్యవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అబద్ధపు సాక్ష్యం చెప్పానని నా మీద కేసు పెట్టొచ్చు. చదువు ఎలాగూ పోతుంది. పోనివ్వండి."

పోచమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, "జర కూసో. మంచినీళ్ళు తెస్త. మా వీరేశం వచ్చే యాళ్ళైంది. వాని చెవుల వడితే ఉరుక్కుంట వోయి తల్లిని సూసుకుంటడు," అంటూ లోపలికి వెళ్ళింది. నడకలో ఈడు తగ్గినట్టయింది. లోపల కుండ మూత తీసిన చప్పుడు, దాని వెంట సన్నగా ఏడుపు వినిపించాయి. సంతోషంతో ఏడుస్తోందని పుణ్యవతి అనుకుంది. అనుకోవడం తప్పు కాదు. అప్పటికి అది సంతోషమే.

వీరేశం గుట్ట మీది నుంచి దిగి వచ్చాడు. కంకర కొట్టే మనిషి. కనుబొమ్మల దాకా తెల్లటి రాతిపొడి. ఇరవై అయిదేళ్ళుంటాయేమో, చూస్తే ఎన్నైనా చెప్పొచ్చు. తలగుడ్డ విప్పుతూ పుణ్యవతిని చూసి ఆగాడు.

"ఇంకేం కావాల్నమ్మా నీకు?"

పుణ్యవతి లేచి నిలబడింది. దారి పొడుగునా ఈ మనిషి ముందు ఏం అడగాలో అనుకుంటూ వచ్చింది. బాల్యం, చదువు, తల్లితో సంబంధం, తాగుడు అలవాటు. అవన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

"మీ అమ్మగారు నీలమ్మను నూకలేదండీ. నేనే తప్పు విన్నాను. ఆవిడ వాకిలి ఊకాను అన్నారు. ఆ మాట మా వైపు లేదు. నేను నూకాను అని విన్నాను, కోర్టులో అదే చెప్పాను. రేపే ప్లీడరు దగ్గరికి వెళ్తాను. మీ అమ్మగారిది ఏ తప్పూ లేదు. మీరు కోపం పెట్టుకుని ఇన్నాళ్ళూ చూడ్డానికి వెళ్ళలేదట. ఇప్పుడు వెళ్ళండి. దానికి కారణం నేనేనని చెప్పండి."

వీరేశం మొహంలో సంతోషం వస్తుందనుకుంది. కనీసం తన మీద కోపమైనా వస్తుందనుకుంది. ఏదీ రాలేదు. అతను తలగుడ్డ దులిపి, మళ్ళీ మడతపెట్టి, దాని మీదే కూర్చున్నాడు.

"గిప్పుడెందుకొచ్చినయి నీకు చెవులు?" అన్నాడు.

"క్షమించమని అడిగే మొహం నాకు లేదండీ."

"గది కాదు." వీరేశం గచ్చు వైపు ఒకసారి చూశాడు. తర్వాత నెమ్మదిగా, "కోర్టుల జడ్జి అవ్వను అడిగిండు. గీ పిల్లతోని గీ మాట చెప్పింది నువ్వేనా అని. యాదున్నదా?"

పుణ్యవతికి బాగా గుర్తుంది. ఆ ప్రశ్న విన్నాక బుచ్చమ్మ తనవైపు చాలాసేపు చూసింది. తర్వాత జడ్జి వైపు తిరిగి, "చెప్పిన అయ్యా. నేనే చెప్పిన," అంది. ఆ చూపులో పశ్చాత్తాపం కనిపించిందని పుణ్యవతి ఇంటికెళ్ళి తండ్రితో చెప్పింది. ఆ మాట గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆవిడకు నా మాట అర్థమై ఉండదండీ. వాకిలి ఊడ్చిన సంగతే అడుగుతున్నారనుకుని ఒప్పుకుని ఉంటారు."

"మంచిగ సమజైంది." వీరేశం తల అడ్డంగా ఊపాడు. "నూకుడంటే ఏందో మా అవ్వకు తెల్వదా? నువ్వు చెప్పినప్పుడే సమజైంది. నువ్వు తప్పిన్నవని గా కోర్టుల ఎరికైంది ఒక్క మా అవ్వకే."

"మరి కాదని ఎందుకు అనలేదు?"

"అంటే ఏమయితది? ఊకిన అంటే, మరి నూకిందెవరని అడుగుతరు."

అర్థం కావడానికి పుణ్యవతికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం ఎంత బాగుందో తర్వాత చాలా రోజులు తలుచుకుంది. అప్పటికింకా తప్పంతా తనదే, దిద్దుకోవడమూ తన చేతిలోనే ఉంది.

"అవ్వ ఊకింది," అన్నాడు వీరేశం. "నూకింది నేను."

కంకర చప్పుడు ఆగిపోయి ఉంది. పని దిగిన వేళ. ఎక్కడో మేకలు అరుస్తున్నాయి.

"తల్లిగారింటికి వోత అన్నది. వద్దన్న. మాట మీద మాట వచ్చింది. కల్లు తాగి లేను. తాగి ఉన్న అని చెప్పుకుంటే జర మంచిగుండు, గని తాగలే. సంపాల్నని కాదు. బుజం వట్టి గట్ల నూకిన, గంతే. గచ్చు తడిగున్నది." అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు. "అవ్వ ఆడనే ఊకుతున్నది. అంత సూసింది. నేను బాయిల దునుకుత అంటే రెక్క వట్టి గుంజింది. ఉరుకు బిడ్డా, పనికాడికి ఉరుకు అన్నది. నేను ఉరికిన. తిరిగి సూస్తే, నా అడుగులు కానరాకుంట వాకిలంత మళ్ళ ఊకుతున్నది."

చచ్చిన మనిషి దగ్గర నేల ముందు చూడాలని పుణ్యవతికి నేర్పారు. ఆ రోజు ఎస్సై వెంట ఆమె కూడా ఈ వాకిట్లోకి వచ్చింది. నేల అద్దంలా ఉంది. అత్త అడుగులు తప్ప ఇంకెవరివీ లేవని ఆమే ఎస్సైకి చూపించింది. ఎస్సై ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

"జైలుకు పోతలేనంటే కోపమని ఊరంత అనుకుంటున్నది," అన్నాడు వీరేశం. "కోపం కాదమ్మా. ఏ మొఖం వెట్టుకోని వోవాలె? పోతే అవ్వ నన్ను తిన్నవా బిడ్డా అని అడుగుతది. గది నాతోని కాదు."

పుణ్యవతి ఒకరి దగ్గర ఒక మాట విని ఒక మనిషిని జైలుకు పంపింది. ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఇంకొక మాట విన్నది. పక్కన పోలీసు లేడు. ఈ మాటా చెల్లుతుంది. ఊకింది అని దిద్దితే తల్లి బయటికొస్తుంది, కొడుకు లోపలికి పోతాడు. ఏ కొడుకు కోసం ఆ తల్లి నిండు కోర్టులో తన మాటను తనే మింగిందో ఆ కొడుకే. దిద్దకపోతే, ఏ పాపమూ ఎరగని మనిషి గోడల మధ్య ముసలిదై చచ్చిపోతుంది, పంపింది తనే. రెండేళ్ళ చదువులో, పెద్ద పెద్ద పేర్లున్న అన్ని పాఠాల్లో, ఈ రెంటిలో ఏది నేరమో ఎక్కడా చెప్పలేదు. వినకుండా ఉంటే బాగుండునని ఆమె జీవితంలో మొదటిసారి అనుకుంది.

"పోయి చెప్పు," అన్నాడు వీరేశం. "నేను రోజు అనుకుంటున్న పోవాల్నని. కాళ్ళు వస్తలేవు. నువ్వన్న చెప్పు."

అప్పుడు గడపలో అలికిడయింది. పోచమ్మ నీళ్ళచెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. చెంబు వంగి, సగం నీళ్ళు ఆవిడ పాదాల మీదే పోయాయి. ఇంతకుముందు ఏడ్చిన కళ్ళు ఇప్పుడు పొడిగా ఉన్నాయి.

"పెద్దవ్వా," అన్నాడు వీరేశం.

ఆవిడ అతని వంక చూడలేదు. గడప దిగి, తను ఊడ్చిన వాకిలిని తనే తొక్కుకుంటూ నడిచి వచ్చి, చెంబు పుణ్యవతి చేతికి అందించింది. చెల్లెల్ని విడిచిపెడతారా అని ఇందాక ఆశగా అడిగిన మనిషి ఈమేనా అనిపించింది.

"తాగు బిడ్డా. ఎండలకెల్లి వచ్చినవు," అంది పోచమ్మ. గొంతు చాలా మెత్తగా ఉంది. "మావోడు ఏమో అన్నట్టున్నడు. నీకేం ఇనవడ్డది?"

పుణ్యవతి నోరు తెరిచింది.

"తొందరేం లేదు," అంది పోచమ్మ, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని. "మా మాట నీకు సక్కగ సమజ్ కాదు గదా. జర ఆలోచన జేసి, సోంచాయించి చెప్పు."